నరం వెంట నడిచే పుండు

మా మేనమామది బూర్గంపహాడ్ దగ్గర గోదావరి ఒడ్డున ఊరు. రోజూ పొద్దున్నే పెరట్లో వేపచెట్టు కొమ్మకు చిన్న అద్దం తగిలించి గడ్డం గీసుకునేవాడు. ఒకరోజు అత్తయ్య కేక పెట్టింది. చూస్తే బనీను మీద రక్తం చుక్కలు. గడ్డం కింద బ్లేడు లోతుగానే తెగింది, ఆయనకు మాత్రం తెలియనే లేదు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. కుడివైపు కింది పెదవి, గడ్డం మొద్దుబారి నెల దాటిందట. బుగ్గ లోపల పుండు అంతకంటే ముందు, అయిదారు నెలల నుంచీ ఉంది. మధ్యలో ఒకచోట చూపిస్తే పన్ను గీరుకుపోవడం వల్లే పుండు అని దవడ పన్ను పీకి పంపారు. పుండు మానలేదు. "నొప్పి లేదు గదరా, పుండే గదా, అదే మానుతది" అన్నాడు నాతో.

హైదరాబాద్‌లో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. నాలుగు రోజులకు వచ్చిన కాగితంలో క్యాన్సర్ అన్న మాట ఒక్కటే మాకు అర్థమైంది. దాని కింద ఇంకో వాక్యం ఉంది: పెరిన్యూరల్ ఇన్వేజన్ ఉంది అని. అదేమిటని అడిగితే డాక్టరమ్మ తన చూపుడు వేలి చుట్టూ కాగితం చుట్టి చూపించింది. "ఈ వేలు నరం అనుకోండి. కాగితం దాని తొడుగు. గడ్డ ఈ తొడుగులోకి దూరి నరం వెంట నడుస్తోంది. అందుకే గడ్డం మొద్దుబారింది." ఆ రోజు నుంచి ఆ ఒక్క వాక్యం వెంట పడి చదివాను. ఈ వ్యాసం అక్కడ పుట్టింది.

ముందు మాట దగ్గర ఒక చిక్కు తీర్చుకోవాలి. తెలుగులో నరం అంటే రెండు. సెలైన్ పెట్టే సిస్టరమ్మ "నరం దొరకట్లేదు" అంటే అది రక్తనాళం. "నరాల బలహీనత" అంటే ఇంకొకటి. ఈ వ్యాసంలో నరం అంటే రెండోది, అంటే మెదడు నుంచి, వెన్నుపాము నుంచి బయల్దేరి ఒళ్లంతా కబుర్లు మోసే తీగ. దీనినే పుస్తకాల్లో నాడి అంటారు. క్యాన్సర్ గడ్డ రక్తనాళాల వెంట, లింఫు నాళాల వెంట పాకుతుందని చాలామందికి తెలుసు. నాడి కూడా దానికొక దారేనని, అంతకు మించి నాడి దానికి తిండీ తోడూ కూడా కాగలదని వైద్యశాస్త్రం గట్టిగా పట్టించుకున్నది ఈ పదిహేనేళ్లలోనే.

భద్రాచలం అడవి అంచున ఈ సంగతి ఎందుకు ముఖ్యమంటే, ఇక్కడి బతుకులో పొగాకు అడుగడుగునా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో తెల్లవారకముందే అడవికి పోయి తునికాకు కోసుకొచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి కల్లంలో ఆరేస్తారు. ఆ ఆకు ఎక్కడెక్కడికో పోయి బీడీ అవుతుంది. గోదావరి లంకల్లో ఘాటైన లంక పొగాకు పండుతుంది. అది చుట్టగా కొంత, నమిలే కాడగా కొంత నోళ్లలోకి చేరుతుంది. కోయ గూడేల్లో పెద్దవాళ్లకు చుట్ట పనిలో తోడు, పొద్దుపోయాక కాలక్షేపం. వయసు కుర్రాళ్లయితే గుట్కాకు మళ్లారు. దేశం మొత్తం మీద మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్‌దే ఇప్పుడు మొదటి స్థానం. మన తెలుగు నేల మీద దీని చరిత్ర పాతది. శ్రీకాకుళం తీరంలో నిప్పు కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ గురించి 1971లో వచ్చిన ఒక పరిశోధన 10,169 మంది గ్రామస్తుల నోళ్లు తెరిపించి అంగిలి మీద మచ్చలు లెక్కపెట్టింది. నోటి క్యాన్సర్ గురించి ప్రపంచం చదువుకున్న పాఠాల్లో కొన్ని మన ఊళ్ల నోళ్ల నుంచి తీసినవే.

నోటి క్యాన్సర్ తొలిదశలో చాలాసార్లు నొప్పి ఉండదు. తెల్లమచ్చో ఎర్రమచ్చో మానని చిన్న పుండో కనిపిస్తుంది. కారం తగిలితే కాస్త మంట, అంతే. నొప్పిని కొలబద్దగా పెట్టుకున్న మనిషికి అది జబ్బులా తోచదు. పొలం పనిలో గొడ్డలి తగిలినా, ముల్లు దిగినా నొప్పే కదా ముందు చెప్పేది. ఈ జబ్బు ఆ లెక్కకు లొంగదు. నొప్పి మొదలయ్యేసరికి తరచుగా గడ్డ నరాన్ని తాకి ఉంటుంది.

ముఖానికి స్పర్శ ఇచ్చే పెద్ద నాడి ఒకటుంది. మూడు కొమ్మలుగా చీలుతుంది కాబట్టి దాన్ని త్రిధార నాడి అంటారు. నుదుటికి ఒక కొమ్మ, పైదవడకు ఒకటి, కింది దవడకు ఒకటి. మూడో కొమ్మలోంచి ఒక పాయ నాలుకకు వెళ్తుంది. ఇంకో పాయ కింది దవడ ఎముకలో ఉన్న సొరంగం గుండా ప్రయాణించి, పళ్లకు స్పర్శ పంచుతూ, గడ్డం దగ్గర చిన్న రంధ్రంలోంచి పైకి వచ్చి పెదవికీ గడ్డానికీ చేరుతుంది. బుగ్గలోనో చిగురులోనో పుట్టిన గడ్డ ఈ పాయను పట్టుకుంటే ముందు జివ్వుమనే పోటు, చీమలు పాకినట్టు తిమ్మిరి, తర్వాత మొద్దుబారడం. మామయ్యకు బ్లేడు తెగింది తెలియకపోవడానికి కారణం ఇదే. నరం తొడుగులోకి చేరిన కణాలు వెనక్కి, తలపుర్రె అడుగు వైపు కూడా నడవగలవు. కంటికి కనిపించే గడ్డను తీసేసినా నరం వెంట ముందుకు పోయిన కణాలు మిగిలిపోతాయి. అందుకే రిపోర్టులో ఆ వాక్యం ఉంటే డాక్టర్లు ఆపరేషన్‌తో ఆగకుండా రేడియేషన్ కూడా ఇవ్వాలా అని ఆలోచిస్తారు. క్లోమ గ్రంథి క్యాన్సర్‌లోనూ ఇదే వరస. అది నడుములోకి పొడుచుకొచ్చే బాధ పెట్టడానికి ఒక కారణం దాని వెనకనున్న నాడుల గుంపును పట్టుకోవడమే.

ఇంతవరకు గడ్డ నరం మీదికి పోయిన కథే చెప్పాను. నరం కూడా గడ్డ దగ్గరికి నడిచి వస్తుంది. ఈ సంగతి నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది. దీని ఆనవాలు డెబ్భై ఏళ్ల కిందటే దొరికింది. ఇటలీకి చెందిన రీటా లెవీ-మోంటాల్చీని యూదు కుటుంబంలో పుట్టింది. ముస్సోలినీ చట్టాల వల్ల విశ్వవిద్యాలయంలో చోటు పోగొట్టుకుని, యుద్ధకాలంలో తన పడకగదిలోనే కోడిగుడ్లు పెట్టుకుని పిండాల నరాల మీద పరిశోధన చేసింది. యుద్ధం తర్వాత అమెరికాలో సెయింట్ లూయిస్‌కు వెళ్లింది. అక్కడ ఎలుక గడ్డ ముక్కను కోడిపిండానికి అతికించి చూస్తే, పిండంలోని నరాలు వెర్రిగా పెరిగి ఆ గడ్డలోకి దూసుకుపోయాయి. గడ్డ ఏదో ఒక పదార్థాన్ని వదిలి నరాలను పిలుస్తోందని ఆమె అనుమానించింది. 1952లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోకు పోయి, గాజు పళ్లెంలో నాడీకణాల ముద్ద పక్కన గడ్డ ముక్క పెట్టి చూసింది. ఒక్కరోజు తిరిగేసరికి ముద్ద చుట్టూ నరపు పోగులు సూర్యకిరణాల్లా విచ్చుకున్నాయి. ఆ పదార్థమే నాడీ వృద్ధి కారకం. దాన్ని శుద్ధి చేసే పనిలో ఆమె సహచరుడు స్టాన్లీ కోహెన్ పాము విషాన్ని వాడితే, గడ్డలో కంటే విషంలోనే ఆ పదార్థం ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఇద్దరికీ 1986లో నోబెల్ వచ్చింది. లోకం ఆ పదార్థాన్ని నరాల పెరుగుదల పాఠంగా చదువుకుంది. గడ్డ నరాలను ఎందుకు పిలిచింది అన్న ప్రశ్న చాలా ఏళ్లు పక్కన పడి ఉండిపోయింది.

ఆ ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ప్రోస్టేట్ క్యాన్సర్ పరిశోధన. న్యూయార్క్‌లో క్లేర్ మాన్యోన్, పాల్ ఫ్రెనెట్ బృందం ఎలుకల్లో ప్రోస్టేట్‌కు వెళ్లే నాడులను తెంపి చూసింది. ఒక రకం నాడులు లేకపోతే గడ్డ మొలకెత్తడమే కష్టమైంది, ఇంకో రకం లేకపోతే వ్యాపించడం తగ్గింది. నోటి క్యాన్సర్ విషయంలో 2020లో నేచర్ పత్రికలో వచ్చిన పని మనకు మరీ దగ్గరిది. దాన్ని చేసింది టెక్సాస్‌లోని ఎం.డి. ఆండర్సన్ కేంద్రంలో మోరన్ అమిత్ బృందం. మన ప్రతి కణంలో పి53 అనే కాపలా జన్యువు ఉంటుంది. కణం దారి తప్పితే ఆపేది, బాగు కాకపోతే చంపేది అదే. పొగాకు దెబ్బతీసే జన్యువుల్లో ఇది ముఖ్యమైనది. పి53 పోయిన నోటి గడ్డ పక్కనున్న స్పర్శ నాడులకు సూక్ష్మమైన పొట్లాల్లో తప్పుడు కబురు పంపుతుంది. ఆ కబురు అందుకున్న స్పర్శ నాడి తన స్వభావం మార్చుకుంటుంది. నొప్పి, వేడి, చలి తెలిపే పని మాని, అడ్రినలిన్ జాతి రసాయనాలు వదిలే నాడిగా మారిపోతుంది. ఆ రసాయనం గడ్డకు ఎరువు. అలాంటి నాడులు గడ్డలో దట్టంగా ఉన్న రోగులు తక్కువ కాలం బతికారని కూడా ఆ బృందం చూసింది. మామయ్య బుగ్గలో ఇదే జరిగిందని నేను చెప్పలేను. కానీ "నొప్పి లేదు" అన్న మాటను ఇప్పుడు వింటే నాకు వేరేగా వినిపిస్తోంది.

ఇక్కడ అడ్రినలిన్ మాట వచ్చింది కాబట్టి ఆగాలి. భయం, కోపం, ఆందోళన కలిగినప్పుడు ఒంట్లో ఉరికే రసాయనం అదే కదా, అంటే దిగులు వల్ల క్యాన్సర్ వస్తుందా? మన ఊళ్లలో ఈ మాట చాలా సులువుగా అనేస్తారు. "కొడుకు పోయిన దిగులుతోనే దానికి రొమ్ములో గడ్డ పుట్టింది" అని. జబ్బుతో ఉన్న మనిషి మీద జబ్బుకు నువ్వే కారణమన్న నింద కూడా వేస్తున్నామని గమనించరు. యూరప్‌లో 1,16,000 మందిని గమనించిన పన్నెండు అధ్యయనాలను కలిపి 2013లో బీఎంజే పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది. ఉద్యోగపు ఒత్తిడికీ, పేగు, ఊపిరితిత్తులు, రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లు రావడానికీ సంబంధం కనిపించలేదు. క్యాన్సర్ పుట్టడం వేరు, పుట్టిన గడ్డకు నాడుల రసాయనాలు ఊతమివ్వడం వేరు. మొదటి దానికి మన అడవి అంచున పెద్ద కారణం పొగాకు, దిగులు కాదు. రెండోదాని మీదే పరిశోధనంతా. రోగి దగ్గర కూర్చుని "ధైర్యంగా ఉండు, లేకపోతే జబ్బు ముదురుతుంది" అనడం మానేయాలి. భయపడటం తప్పు కాదు. భయపడ్డ మనిషి ఓడిపోయినట్టూ కాదు.

ఆ రెండోదాని మీద ఆశ పెట్టుకున్న మందు ఒకటి మనకు బాగా తెలిసినదే. గుండెదడకు, బీపీకి, తలనొప్పికి ఇచ్చే ప్రొప్రనొలోల్. జేమ్స్ బ్లాక్ 1960లలో తయారుచేసిన ఈ మందు అడ్రినలిన్ కూర్చునే కుర్చీని ముందే ఆక్రమించుకుంటుంది. ఆయనకు 1988లో నోబెల్ వచ్చింది. ఆస్ట్రేలియాలో 60 మంది రొమ్ము క్యాన్సర్ రోగులకు ఆపరేషన్‌కు ముందు ఏడు రోజులు, కొందరికి ఈ మందు, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చి చూశారు. 2020లో ఫలితాలు వచ్చాయి. మందు తీసుకున్నవాళ్ల గడ్డల్లో వ్యాప్తికి పనికొచ్చే జన్యు సూచనలు తగ్గాయి. ఆయుష్షు పెరిగిందా అన్నది తేల్చేంత పెద్ద పరీక్ష అది కాదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఈ మందు ప్రాణం మీదికి తెస్తుంది. మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని వేసుకునే సంగతి కానే కాదు.

మెదడు గడ్డల గురించి ఒక్కమాట చెప్పి దాటేస్తాను. గ్లియోమా అనే మెదడు గడ్డ కణాలు చుట్టూ ఉన్న నాడీకణాలతో నేరుగా విద్యుత్ సంధులు ఏర్పరచుకుంటాయని 2019లో స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మోంజె బృందం, జర్మనీలో హైడెల్‌బర్గ్ బృందం ఒకేసారి చూపించాయి. మెదడు ఆలోచనల విద్యుత్తు గడ్డకు కూడా చేరుతోంది. వినడానికే గుండె జల్లుమంటుంది. కానీ అది మన ఊళ్ల ప్రధాన సమస్య కాదు.

మన దేశపు పేదకు అందగల సంగతి ఇంకొకటుంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో కత్తి పెట్టడానికి ఏడు నుంచి పది నిమిషాల ముందు, గడ్డ చుట్టూ లిగ్నోకెయిన్ ఇంజక్షన్ ఇవ్వడం. దీన్నే లిడోకెయిన్ అని కూడా అంటారు. పన్ను పీకేటప్పుడు చిగురు మొద్దుబార్చే మందు అదే. ఏ చిన్న ఆసుపత్రి మందుల గదిలోనైనా ఉంటుంది, అతి చవక. ముంబై టాటా మెమోరియల్ కేంద్రంలో రాజేంద్ర బద్వే నాయకత్వంలో దేశంలోని 11 కేంద్రాలు 2011 నుంచి దీన్ని పరీక్షించాయి. 0.5 శాతం మందు 60 మిల్లీలీటర్లు. మత్తు ఇచ్చి పడుకోబెట్టిన మనిషికి మళ్లీ మొద్దుబార్చే మందు ఎందుకు అనిపిస్తుంది. ఆ మందు నాడిలో విద్యుత్ కబురు నడిపించే సోడియం ద్వారాలను మూసేస్తుంది. అలాంటి ద్వారాలు కొన్ని క్యాన్సర్ కణాల మీద కూడా ఉంటాయి. కత్తి కదలికకు గడ్డ కణాలు రేగి రక్తంలోకి జారుకునే అవకాశాన్ని ఈ మూసివేత తగ్గిస్తుందన్నది వాళ్ల ఊహ. 1,583 మంది ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. ఇంజక్షన్ ఇచ్చినవాళ్లలో అయిదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు 90.1 శాతం. ఇవ్వనివాళ్లలో 86.4 శాతం. తేడా నూటికి నలుగురికి కాస్త తక్కువ. లక్షల రూపాయల కొత్త మందులు ఇంతకంటే చిన్న తేడాలకే పేరు తెచ్చుకుంటున్న కాలం ఇది. ఇది మన దేశంలోనే పుట్టిన పరీక్ష, మన ఆడవాళ్ల ఒంటి మీద తేలిన నిజం. ఇంకోచోట మళ్లీ పరీక్షించి రూఢి చేసుకోవడం శాస్త్రం పద్ధతి. అది జరిగేలోగా తమ సర్జన్‌ను ఈ ఇంజక్షన్ గురించి అడిగే హక్కు ప్రతి రోగికీ ఉంది.

పరీక్ష అన్న మాట పాత ఖమ్మం జిల్లాలో అంత తేలిగ్గా పలకలేను. 2009 జులైలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం అది. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ అమ్మానాన్నల సంతకం ఉండాల్సిన చోట హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయన్నది కూడా తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే. అడిగి వేయకపోవడం తప్పు. ఆ తప్పు వల్ల మంచి టీకా మీదే ఈ ప్రాంతంలో భయం పాతుకుపోయింది. నాడులకు సంబంధించిన మందులు రేపు ఇక్కడి ఆసుపత్రులకు పరీక్షల రూపంలో వస్తే, కోయభాషలో కూర్చోబెట్టి చెప్పి, వద్దంటే వదిలేసి, ఒప్పుకుంటేనే చేయాలి.

వైద్యం నరాలను బాధపెట్టే సంగతి కూడా చెప్పాలి. మన పెరళ్లలో ఏ కాలమైనా గులాబీ, తెలుపు పూలు పూసే బిళ్ల గన్నేరును చూడండి. షుగర్ జబ్బుకు పనికొస్తుందేమోనని దాన్ని పరీక్షిస్తూ కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు 1958లో అందులోంచి క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ తీశారు. తర్వాత దాని చెల్లెలు విన్‌క్రిస్టిన్ వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు నేటికీ అది ఆధారం. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నటి పట్టాలు పడతాయి. ఈ మందు ఆ పట్టాలను కట్టనివ్వదు, క్యాన్సర్ కణం చీలలేక చస్తుంది. కానీ నాడీ పోగులో సరుకు మోసేది కూడా అలాంటి పట్టాల మీదే. నడుము దగ్గర మొదలై కాలివేళ్ల దాకా పోయే నాడీ పోగు మీటరు పొడవు ఉంటుంది. పట్టాలు దెబ్బతింటే ముందు సరుకు అందనిది చిట్టచివరి కొసకే. అందుకే తిమ్మిర్లు కాలివేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతాయి. పట్నంలో ఉన్నవాళ్లకు అది చెప్పుల్లో ఇబ్బంది. అడవి అంచున అది వేరు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పొయ్యి దగ్గర నిప్పు తగిలినా తెలియదు, రాయి గీరుకున్న పుండు చీము పట్టాక గాని కనిపించదు. కీమో తీసుకుంటున్నవాళ్లు చెప్పులు లేకుండా నడవకూడదు, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు ఇంకొకరితో చూపించుకోవాలి. తిమ్మిరి మొదలైతే డాక్టరుకు దాచకుండా చెప్పాలి, మోతాదు తగ్గించే వీలుంటుంది. "చెబితే మందు ఆపేస్తారేమో" అని దాచేవాళ్లను నేను చూశాను.

నాడీ వ్యవస్థ మందును లోపలికి రానివ్వని సందర్భమూ ఉంది. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ చాలా మందులను ఆపేస్తుంది. రక్త క్యాన్సర్ కణాలు ఆ గోడ వెనక దాక్కుని, నయమైందనుకున్న పిల్లల్లో మళ్లీ బయటపడతాయి. దానికి ఉపాయం, వెన్నులో సూది గుచ్చి వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకే మందు పంపడం. అలా పంపే మందుల్లో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన ఫోలిక్ ఆమ్లం పరిశోధన నుంచి వచ్చిన మందుల కుటుంబంలోది అది. విన్‌క్రిస్టిన్‌ను మాత్రం వెన్నులోకి ఎప్పుడూ ఎక్కించకూడదు. పొరపాటున ఎక్కితే ప్రాణం పోతుంది. ఒకే పిల్లవాడికి ఒకే వారంలో ఇచ్చే రెండు మందుల్లో ఒకటి వెన్నులోకి, ఇంకొకటి చేతి రక్తనాళంలోకే. క్యాన్సర్ వార్డు సిస్టర్లు సీసాల మీద పేరు రెండుసార్లు చదవడం ఇందుకే.

కీమో వాంతులు కూడా నాడి పనే. మందు పేగు గోడను కదిలిస్తే అక్కడి కణాలు సెరటోనిన్ వదులుతాయి, ఆ కబురు వేగస్ నాడి మెదడు కాండానికి చేరవేస్తుంది. ఆ కబురును అడ్డుకునేది ఒండాన్సెట్రాన్ మాత్ర. ఇంకో వాంతుల మాత్ర అప్రెపిటెంట్. అది సబ్‌స్టెన్స్ పి అనే నొప్పి రసాయనాన్ని ఆపుతుంది. 2024లో న్యూయార్క్ రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో వీణా పద్మనాభన్, సొహైల్ తవజోయి బృందం స్పర్శ నాడులు వదిలే ఆ సబ్‌స్టెన్స్ పి రొమ్ము గడ్డ వ్యాప్తికి తోడ్పడుతోందని, అప్రెపిటెంట్ ఇచ్చిన ఎలుకల్లో గడ్డ పెరుగుదల తగ్గిందని చూపించింది. వాంతులకని ఇచ్చే మాత్ర క్యాన్సర్‌కే మందు అవుతుందా అన్నది మనుషుల్లో తేలాలి.

చివరికి నొప్పి దగ్గరికే రావాలి. మామయ్యకు ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక ఏడాదిన్నర బాగానే గడిచింది. తర్వాత జబ్బు నరం వెంటే తిరిగొచ్చింది. చెవి దగ్గర నుంచి కణత దాకా కరెంటు షాకు కొట్టినట్టు పోటు. నరం నొప్పి లక్షణం అదే: మంట, షాకు, గుడ్డ తగిలినా ఓర్చుకోలేకపోవడం. మామూలు నొప్పి బిళ్లలు దానికి పనిచేయవు. నాడి మీద పనిచేసే గబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి, నొప్పి మరీ ముదిరితే మార్ఫిన్ కావాలి. నల్లమందు నుంచి వచ్చేది కాబట్టి మార్ఫిన్ అంటే జనానికీ కొందరు డాక్టర్లకూ కూడా భయం. 1985 మత్తుమందుల చట్టం కఠినం కావడంతో మన ఆసుపత్రుల్లో మార్ఫిన్ దొరకడమే గగనమైంది. 2014లో ఆ చట్టాన్ని సవరించి వైద్యానికి వాడే దారి సులువు చేశారు. డాక్టరు పర్యవేక్షణలో గంటల లెక్కన ఇచ్చే మార్ఫిన్ మత్తు కోసం కాదు. నాలుగు ముద్దలు తిని, రెండు గంటలు నిద్రపోయి, మనవడితో మాట్లాడటానికి.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955లో మొదలైన ఎం.ఎన్.జే. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగం ఉంది. భద్రాచలం నుంచి అక్కడికి మూడు వందల కిలోమీటర్ల పైమాటే. నొప్పితో మెలికలు తిరిగే మనిషిని బస్సులో కూర్చోబెట్టి రాత్రంతా తీసుకెళ్లడం ఎలా ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు. ఖమ్మం జిల్లా ప్రధాన ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ కేంద్రం వచ్చాక ఆ ప్రయాణాలు కొంత తగ్గాయి. ఆలన పేరుతో ఇంటికి వచ్చి చూసే ఏర్పాటూ ఉంది. అయితే చర్ల దాటి వాగు అవతల ఉన్న గూడెం దాకా ఒక మార్ఫిన్ మాత్ర చేరాలంటే ఇంకా చాలా చేతులు మారాలి. నాడులు గడ్డకు తోడ్పడతాయని ఇంత శాస్త్రం తేల్చాక, నొప్పిని తగ్గించడం దయతో చేసే పనిగా చూడటం నాకు సమ్మతం కాదు. అది వైద్యంలో భాగం. ఆపరేషన్ ఎంత అవసరమో అదీ అంత అవసరం. భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో, కొత్తగూడెంలో ఏ రోజు అడిగినా మార్ఫిన్ దొరకాలి. దాన్ని రాసివ్వడం తెలిసిన డాక్టరు ఉండాలి.

మామయ్య చివరి రెండు నెలలు మార్ఫిన్ మీదే ఉన్నాడు. వేపచెట్టు కిందే మంచం వేయించుకున్నాడు. పోయే నాలుగు రోజుల ముందు దాకా మాట్లాడాడు.

ఈ జబ్బును ముందే పట్టుకునే దారి ఒకటుంది. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి, మామూలు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి జనం నోళ్లు టార్చి వేసి చూపించారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. యంత్రం లేదు, మందు లేదు, చూడటమే. మీ ఇంట్లో చుట్ట, బీడీ, గుట్కా, నమిలే పొగాకు అలవాటున్నవాళ్లు ఉంటే ఈ సాయంత్రమే నోరు తెరిపించి టార్చి వేసి చూడండి. బుగ్గల లోపల, నాలుక పక్కన, నాలుక కింద, అంగిలి మీద. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, పుండు ఏదైనా రెండు వారాల్లో మానకపోతే ఆశా కార్యకర్తకు చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెదవి, గడ్డం, నాలుక మొద్దుబారితే రెండు వారాలు కూడా ఆగకండి. నొప్పి ఉందా అని అడగొద్దు. నోరు చూడండి.